చార్జింగ్ నిలవడం లేదా? బ్యాటరీ మార్చే ముందు బటన్ సంగతి తేల్చుకోండి

రిపేరు దుకాణంలో ఫోను బల్ల మీద పెట్టి "చార్జింగ్ నిలవడం లేదు" అనగానే చాలాచోట్ల మరో ప్రశ్న లేకుండా బ్యాటరీ ధర చెప్పేస్తారు. మూడు నాలుగేళ్లు వాడిన ఫోనైతే ఆ మాటను కొట్టిపారేయలేం. నిన్న మొన్నటి దాకా బాగానే ఉండి, ఉన్నట్టుండి రాత్రికి రాత్రే పది ఇరవై శాతం దిగిపోతున్న ఫోనుకు మాత్రం కొత్త బ్యాటరీ వేయించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. బ్యాటరీ నెలల తరబడి మెల్లగా బలహీనపడుతుంది. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి చార్జింగ్‌ల తర్వాత, 15 నుంచి వచ్చినవి 1000 తర్వాత కూడా 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకునేలా రూపొందించామని ఆపిల్ చెబుతోంది. వారం రోజుల్లో తలకిందులైన ఫోను విషయంలో కారణం వేరేచోట వెతకాలి. ఏదో ఒక యాప్ కావచ్చు, సిగ్నల్ సరిగా అందని ఇల్లు కావచ్చు. ఎవరూ అనుమానించనిది మాత్రం పక్కనే ఉన్న పవర్ బటన్.

బటనే కారణమని తేలాక ముందు చాలా దారులు కనిపిస్తాయి: శుభ్రం చేసి చూడటం, సాఫ్ట్‌వేర్‌తో సర్దుకుపోవడం, వీధి చివరి దుకాణం, కంపెనీ సర్వీస్ సెంటర్, కొత్త ఫోను. వీటిలో ఏది మేలో తేల్చేది ఫోను ధర కాదు, బ్రాండ్ అంతకన్నా కాదు. లోపల ఆ స్విచ్ దేనికి అతికి ఉందన్నదే అసలు ప్రశ్న. అక్కడికి వెళ్లే ముందు జబ్బు ఏమిటో చూద్దాం.

బటన్ చార్జింగ్‌ను ఎలా తినేస్తుంది

పైకి కనిపించే బటన్ కింద చిన్న లోహపు గుబ్బ ఉన్న స్విచ్ ఉంటుంది. నొక్కినప్పుడు ఆ గుబ్బ వంగి ఒక సిగ్నల్ లైనును గ్రౌండ్‌కు కలుపుతుంది. చెమట, దుమ్ము, ఉప్పుగాలి చేరి అది సగం అతుక్కుపోతే ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు ఫోనుకు కబురు వెళుతుంది.

స్విచ్ రోజంతా నొక్కుకునే ఉన్నా దాని గుండా పారే కరెంటు నామమాత్రం. 1.8 వోల్టుల లైనుకు లక్ష ఓమ్‌ల నిరోధకం ఉందనుకుంటే అది 18 మైక్రో ఆంపియర్లు, అంటే రోజు మొత్తానికి అర ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే కొలత) కూడా కాదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి అదొక లెక్కా! నష్టమంతా ఫోను నిద్ర చెడటం వల్ల వస్తుంది. తెర ఆరి నిద్రలో ఉన్న ఫోను కొద్దిపాటి మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. తెర వెలిగి ప్రాసెసర్ లేచిందంటే ఆ సంఖ్య వందల్లోకి పోతుంది. రెండు నిమిషాలకోసారి తెర తనంతట తానే వెలిగి ముప్ఫై సెకన్లు ఉంటోందని, అప్పుడు సుమారు 250 మిల్లీ ఆంపియర్లు లాగుతోందని అనుకుందాం. సగటు అరవై దాటుతుంది. ఎనిమిది గంటల రాత్రికి 500 ఎంఏహెచ్, అంటే పదో వంతు చార్జింగ్ ఎవరూ ముట్టుకోకుండానే హరించుకుపోతుంది. బటన్ ఎక్కువసేపు నొక్కుకుపోయి ఫోను దానంతట అదే రీస్టార్ట్ అవుతుంటే నష్టం ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే ఫోను మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్ పూర్తి వేగంతో పనిచేస్తుంది.

వాల్యూమ్ బటన్ చేసే చేటు వేరు. తెర ఆరి ఉన్నప్పుడు అది చాలా ఫోన్లలో తెరను వెలిగించదు. కానీ తెర వెలిగి ఉన్నప్పుడు పదే పదే పలికితే ఎవరో వాడుతున్నారని ఫోను భ్రమపడి తెరను ఆరనివ్వదు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. నొక్కినా పలకని బటన్ వేరు, నొక్కకుండానే పలికే బటన్ వేరు. మొదటిది చిరాకు పెడుతుందే తప్ప చార్జింగ్ తినదు. రెండోదే తింటుంది. పవర్ బటన్ పాడైతే ఇలా చేయండి అంటూ దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మొదటి రకానికి రాసినవి. వాటిని రెండో రకానికి వాడితే ఫలితం సున్నా.

బటనే అని ఎలా తెలుస్తుంది

మొట్టమొదట పౌచ్ తీసేయండి. నవ్వులాటగా అనిపించవచ్చు కానీ, ఎండకు బిగుసుకుపోయిన పసుపు పచ్చని ప్లాస్టిక్ పౌచ్ బటన్‌ను నొక్కి పట్టడం చాలా మామూలు. ఒక రాత్రి పౌచ్ లేకుండా పెట్టి చూస్తే కొందరి సమస్య అక్కడే తీరిపోతుంది. పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత బటన్‌లాగే నటించే సెట్టింగులను ఆపాలి. ఫోను ఎత్తగానే తెర వెలగడం, రెండుసార్లు తడితే వెలగడం, నోటిఫికేషన్ వస్తే వెలగడం, ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే, ఇవన్నీ ఆపి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఫోనును బల్ల మీద వదిలి, చీకటి గదిలో కాసేపు గమనించండి. అయినా తెర వెలుగుతుంటే యాప్‌ల మీద అనుమానం దాదాపు తీరినట్టే. పొద్దున సెట్టింగుల్లోని బ్యాటరీ పేజీ తెరిచి, నిద్రపోయిన గంటల్లో తెర ఎంతసేపు వెలిగిందో చూస్తే ఆధారం చేతికొస్తుంది.

ఇంకా తిరుగులేని పరీక్ష ఒకటుంది: ఫోనును పూర్తిగా స్విచాఫ్ చేసి పడుకోవడం. నిర్ణీత సమయానికి ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టుకోకపోయినా తెల్లారేసరికి ఫోను ఆన్ అయి ఉంటే దోషి పవర్ బటనే. అలా కాకుండా ఆఫ్‌లోనే ఉండి కూడా చార్జింగ్ బాగా తగ్గితే అప్పుడు బ్యాటరీని గానీ బోర్డును గానీ అనుమానించాలి.

మరికొన్ని ఆనవాళ్లు ఫోనే ఇస్తుంది. గ్యాలరీలో మీరు తీయని స్క్రీన్‌షాట్లు కనిపిస్తాయి. పవర్ బటన్ రెండుసార్లు పలికితే కెమెరా తెరుచుకునే ఫోన్లలో జేబులోని చీకటి ఫొటోలు చేరుతుంటాయి. ఆండ్రాయిడ్ ఫోను రీస్టార్ట్ అయినప్పుడల్లా సేఫ్ మోడ్‌లోకో (మీరు వేసుకున్న యాప్‌లు లేకుండా మొదలయ్యే స్థితి), ఫాస్ట్‌బూట్ అనే మరమ్మతు తెర మీదకో పోతుంటే అది వాల్యూమ్ తగ్గించే బటన్ ఇరుక్కుపోయిందన్నదానికి గుర్తు. వైరు హెడ్‌సెట్ పెట్టుకునే రంధ్రం ఉన్న ఫోనులో పాటలు వాటంతట అవే ఆగుతుంటే, అసిస్టెంట్ పిలవకుండానే పలుకుతుంటే తేమ ఆ రంధ్రంలో ఉండవచ్చు. హెడ్‌సెట్ బటన్లు మైకు లైను నిరోధాన్ని మార్చి సంకేతం పంపుతాయి కాబట్టి, తుప్పు కూడా అదే పని చేయగలదు.

మన దేశంలో దీనికి ఇంకో కోణం ఉంది. టెలికాం శాఖ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం, 2017 నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్లలో అత్యవసర కాల్‌కు బటన్ ఏర్పాటు తప్పనిసరి. పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కడం అందులో ఒక పద్ధతి. అంటే తనంతట తానే పలికే బటన్ అర్ధరాత్రి అత్యవసర నంబరు 112కు ఫోను కలపగలదు. అవతల నిజంగా ఆపదలో ఉన్నవారి కోసం కూర్చున్న సిబ్బంది ఉంటారు. ఇలా జరుగుతుంటే రిపేరును వాయిదా వేయకూడదు. అంతవరకు సెట్టింగుల్లో ఆ షార్ట్‌కట్‌ను ఆపే వీలుంటే ఆపి, ఇంట్లోవారికి ఆ మాట చెప్పి ఉంచండి.

బటన్లను ఒక్కొక్కటిగా పరీక్షించాలంటే శామ్‌సంగ్ ఫోన్లలో శామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లోని డయాగ్నస్టిక్స్ పనికొస్తాయి. షావోమీ ఫోన్లలో డయలర్‌లో *#*#6484#*#* నొక్కితే పరీక్షల మెనూ తెరుచుకుంటుంది. కంప్యూటర్ పరిచయం ఉన్నవారు ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోనుకు ఆదేశాలు పంపే సాధనం) ఫోనును కలిపి గెట్‌ఈవెంట్ ఆదేశం నడిపితే, ఏ బటన్ ఎప్పుడు పలికిందో వరుసగా కనిపిస్తుంది. పవర్ బటన్ సంకేత సంఖ్య 116, వాల్యూమ్ తగ్గించేది 114, పెంచేది 115. తెర మీద ఇవి హెక్సాడెసిమల్ అంకెల్లో వరుసగా 0074, 0072, 0073గా కనిపిస్తాయి. చేయి తగలకుండానే 0074 కనిపిస్తే ఇంకేం కావాలి!

శుభ్రం చేయడం: ఒక్కసారి ప్రయత్నించదగ్గది

చెమటో టీ చుక్కో పిండి దుమ్మో చేరి జిగటగా మారిన బటన్‌కు ఇది పనిచేస్తుంది. ఫోను ఆఫ్ చేసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్ తడిపి బటన్ అంచుల వెంట రాసి, ఇరవై ముప్ఫై సార్లు నొక్కి, పూర్తిగా ఆరనివ్వాలి. ధారగా పోయకూడదు. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. సెంటు సీసా, తుప్పు వదిలించే స్ప్రే అసలే వద్దు. తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టడం కూడా మేలు చేయదు, పిండి నలుసులు రంధ్రాల్లోకి చేరతాయి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి గుబ్బ తుప్పు పట్టి ఉంటే మాత్రం ఈ వైద్యం నాలుగు రోజుల ముచ్చటే. ఒకసారి శుభ్రం చేశాక సమస్య తిరిగొస్తే మళ్లీ మళ్లీ రుద్దుతూ కూర్చోవద్దు.

సాఫ్ట్‌వేర్‌తో సర్దుకుపోవడం

ఐఫోన్‌లో అసిస్టివ్‌టచ్, ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ మెనూ పెట్టుకుంటే తెర లాక్ చేయడం, వాల్యూమ్ మార్చడం, స్క్రీన్‌షాట్ తీయడం అన్నీ తెర మీదే అయిపోతాయి. నొక్కినా పలకని బటన్‌కు ఇది నిక్షేపంలాంటి ఏర్పాటు. కొందరు ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొస్తారు, తప్పేమీ లేదు.

నొక్కకుండానే పలికే బటన్‌ను ఇది ఆపలేదు. చేయగలిగిందల్లా నష్టాన్ని తగ్గించడం: తెర ఆరే సమయాన్ని 15 సెకన్లకు కుదించడం, లాక్ తెర మీద వెలుతురు తగ్గించడం, రెండుసార్లు నొక్కితే కెమెరా తెరిచే సెట్టింగ్, నొక్కి పడితే అసిస్టెంట్ వచ్చే సెట్టింగ్, పవర్ బటన్‌తో కాల్ ముగించే సెట్టింగ్ ఆపేయడం. రిపేరుకు వెళ్లే దాకా ఇవి ఉపశమనం. ఐఫోన్ 15 ప్రో నుంచి వచ్చిన యాక్షన్ బటన్ లాంటివి తిక్కగా ప్రవర్తిస్తే మాత్రం సెట్టింగుల్లో ఏ పనీ అప్పగించకుండా వదిలేయవచ్చు.

బటన్లను నిలిపివేస్తామని చెప్పే యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. వాల్యూమ్ బటన్లను అవి అడ్డుకోగలవు. పవర్ బటన్ సంకేతం వాటి దాకా రానే రాదు. తెర మీద కనిపించేదంతా చదవగలిగే ఆ అనుమతిని ముక్కూ మొహం తెలియని యాప్ చేతిలో, అదీ యూపీఐ ఉన్న ఫోనులో పెట్టడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. ఫోనును రూట్ చేసి (కంపెనీ పెట్టిన తాళాలు తీసి సిస్టమ్ ఫైళ్లు మార్చే వీలు తెచ్చుకుని) బటన్ల పట్టికలో పవర్ బటన్ సంఖ్య 116ను తీసేసే పద్ధతి ఉంది కానీ, ఆ తర్వాత కొన్ని బ్యాంకు యాప్‌లు పనిచేయడం మానేస్తాయి. పైగా బటన్ నొక్కి పడితే జరిగే బలవంతపు రీస్టార్ట్ పవర్ చిప్ స్థాయిలో జరుగుతుంది, ఆండ్రాయిడ్ మాట అది వినదు.

వీధి దుకాణమా, సర్వీస్ సెంటరా

ఇక అసలు ప్రశ్న. లోపల స్విచ్ మూడు రకాలుగా ఉండవచ్చు.

మొదటిది స్ట్రిప్. సన్నని వంగే పట్టీ మీద పవర్, వాల్యూమ్ స్విచ్‌లు ఉంటాయి, దాని కొస బోర్డులోని సాకెట్‌లో గుచ్చి ఉంటుంది. మెకానిక్‌లు దీన్నే పవర్ స్ట్రిప్ అనో, ఆన్ ఆఫ్ స్ట్రిప్ అనో అంటారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దీని ధర వందల్లోనే ఉంటుంది. ఇలాంటి ఫోనుకు వారంటీ దాటిపోతే చేయి తిరిగిన వీధి మెకానిక్ దగ్గర మార్పించుకోవడమే తెలివైన పని. ఇందులో సందేహించాల్సింది లేదు. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ ఉండనే ఉంది. పాత మోడల్ స్ట్రిప్ మీ ఊళ్లో దొరకనప్పుడు అలాంటి పెద్ద బజారులో దొరికే అవకాశం ఎక్కువ.

రెండోది బోర్డుకే టంకం వేసిన స్విచ్. దీన్ని తీసి కొత్తది వేయడానికి వేడిగాలి యంత్రం, సూక్ష్మదర్శిని, నిలకడైన చేయి కావాలి. ఇక్కడ కథ తారుమారవుతుంది. సర్వీస్ సెంటర్లలో సాధారణంగా ఇంత చిన్న భాగాన్ని విడిగా మార్చరు, బోర్డు మొత్తం మార్చాలంటారు, ఆ అంచనా చూస్తే కళ్లు తిరుగుతాయి. బోర్డు పనిలో పేరున్న మెకానిక్ అదే పనిని చాలా తక్కువలో చేయగలడు. చేయి తిరగనివాడి దగ్గర పడితే మాత్రం ఫోను పూర్తిగా పోతుంది. కాబట్టి ఈ రకానికి దుకాణం దగ్గరా దూరమా అని చూడవద్దు, మనిషిని చూసి ఇవ్వండి.

మూడోది వేలిముద్ర సెన్సార్ కలిసిన పవర్ బటన్. పక్కన బటన్ మీదే వేలు పెట్టి తెరిచే ఫోన్లన్నీ ఈ కోవలోవే. భాగం ఖరీదెక్కువ, నకిలీ భాగాలతో వేలిముద్ర సరిగా పలకదు, కొన్ని మోడళ్లలో మార్చాక సర్దుబాటు సాఫ్ట్‌వేర్ నడపాలి. ఐఫోన్ 5ఎస్ నుంచి 8 వరకు హోమ్ బటన్‌లోని టచ్ ఐడీ ఆ బోర్డుతోనే జతపడి ఉంటుంది, బయట మారిస్తే వేలిముద్ర పోతుంది. ఈ రకానికి నా ఓటు సర్వీస్ సెంటర్‌కే, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

మీ ఫోను ఏ రకమో మోడల్ పేరుతో విడదీసే వీడియో ఒకటి చూస్తే తెలిసిపోతుంది. దుకాణంలో వేయాల్సిన ప్రశ్న ఒకటుంది: "స్ట్రిప్ ఊడదీసి చూశారా?" స్ట్రిప్‌ను బోర్డు నుంచి విడదీశాక దొంగ నొక్కుడు ఆగిపోతే తప్పు స్ట్రిప్‌ది. ఆగకపోతే తప్పు బోర్డు మీద ఉంది. బటన్ లైను మీద బోర్డులో ఉండే కెపాసిటర్, రక్షణ డయోడ్ లాంటి చిన్న భాగాల్లో ఒకటి కరెంటును లీక్ చేస్తూ ఉండవచ్చు, అప్పుడు ఎన్ని స్ట్రిప్‌లు మార్చినా లాభం లేదు. ఈ ప్రశ్నకు తడబడకుండా జవాబిచ్చే మెకానిక్‌ను నమ్మవచ్చు. వినగానే "బ్యాటరీ కూడా మార్చేద్దాం" అనేవారి దగ్గర ఫోను తీసుకుని బయటికి రండి.

వారంటీ ఉన్నంతకాలం వేరే ఆలోచన పెట్టుకోకుండా సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి. బయట ఒక్కసారి తెరిపిస్తే వారంటీ మీద వాదించే అవకాశం చేజారుతుంది. లోపల తేమ సూచిక ఎర్రబడి ఉంటే ఉచిత రిపేరు కుదరదంటారు. నీటిని తట్టుకుంటుందని ప్రకటించిన ఫోన్ల విషయంలోనూ ఇదే మాట వినిపిస్తుంది, కాబట్టి సిద్ధపడే వెళ్లండి. ఫలానా మోడల్‌లో లోపం తమదేనని కంపెనీయే ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. 2013 మార్చి వరకు తయారైన కొన్ని ఐఫోన్ 5లలో పైనున్న స్లీప్ బటన్ సరిగా పనిచేయకపోవడంతో, 2014లో ఆపిల్ దాన్ని ఉచితంగా మార్చే కార్యక్రమం ప్రకటించింది. మీ మోడల్‌కు అలాంటిదేమైనా ఉందేమో కంపెనీ సైటులో చూసి వెళ్లడం మంచిది. వారంటీలో ఉండి, నీటి జాడ లేకుండా తిప్పి పంపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఎక్కడ ఇచ్చినా ముందు బ్యాకప్ తీసుకుని, సిమ్ బయటికి తీసి ఇవ్వండి. తెర తాళం చెప్పాల్సిన అవసరం లేదు. శామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేస్తే మెకానిక్ బటన్లు పరీక్షించుకోగలడు, మీ ఫొటోలు మాత్రం కనిపించవు. వెనుక గ్లాసు అతికించి ఉన్న ఫోనును తెరిచాక నీటి రక్షణ మునుపటిలా ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లోనే తెరుద్దామనుకునేవారికి ఒకటే మాట: జిగురు కరిగించే వేడికీ బ్యాటరీకీ మధ్య దూరం చాలా తక్కువ.

స్ట్రిప్ తీసేసి వాడుకోవడం

దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, ఇంట్లో పిల్లల పాఠాలకో వంటింట్లో పాటలకో మిగిలిన పాత ఫోనుకు ఇది చక్కని దారి. కొత్త స్ట్రిప్ దొరకనప్పుడు పాతదాన్ని ఊడదీసి అలాగే మూసేయమనండి. రెండుసార్లు తడితే తెర వెలిగే సౌకర్యం, తెర మీది లాక్ బటన్ ఉంటే రోజు గడిచిపోతుంది. చార్జింగ్ దిగిపోవడం ఆగుతుంది. చిక్కల్లా ఫోను పూర్తిగా ఆగిపోయినప్పుడే. ఐఫోన్ చార్జర్ పెట్టగానే ఆన్ అవుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చార్జింగ్ బొమ్మ చూపించి ఊరుకుంటాయి. వాల్యూమ్ బటన్లూ అదే స్ట్రిప్ మీద ఉంటే అవీ పోతాయి. రోజూ ఆఫీసుకు పట్టుకెళ్లే ఫోనుకు ఈ ఏర్పాటు నేను చెప్పను.

ఫోను మార్చేయడం

భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి, బోర్డు మీదే లోపం ఉండి, తెర కూడా పగిలి ఉంటే రిపేరు మీద డబ్బు పెట్టడం దండగ. మిగతా సందర్భాల్లో బటన్ కోసం ఫోను మార్చడం తొందరపాటే. ఎక్స్చేంజ్ యాప్‌లు బటన్లు పనిచేస్తున్నాయా అని ప్రత్యేకంగా అడిగి ధర కోసేస్తాయి. ఆ కోత స్ట్రిప్ మార్పించే ఖర్చు కన్నా ఎక్కువ కనిపిస్తే, ముందు రిపేరు చేయించి తర్వాత అమ్ముకోవచ్చు.

రిపేరు అయ్యాక దుకాణం దాటకముందే

బటన్‌ను నింపాదిగా ముప్ఫై నలభై సార్లు నొక్కి చూడండి. ప్రతిసారీ టక్కుమని చేతికి తెలియాలి, తెర ఒక్కసారే స్పందించాలి. నొక్కి పట్టి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. వాల్యూమ్ రెండు వైపులా, వేలిముద్ర, స్ట్రిప్‌కు దగ్గర్లో ఉండే మైకు, ఫ్లాష్‌లైట్ సరిచూడండి. వెనుక మూత అంచుల్లో గోరు పట్టేంత సందు ఉండకూడదు. పాత స్ట్రిప్‌ను అడిగి తెచ్చుకోండి. మార్చింది నిజమో కాదో తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక మొదట చేసిన రాత్రి పరీక్షనే అదే సెట్టింగులతో, పౌచ్ లేకుండా రెండు మూడు రాత్రులు మళ్లీ చేయండి. ఏరోప్లేన్ మోడ్‌లో రాత్రికి రెండు మూడు శాతం తగ్గితే ఫోను ఆరోగ్యంగా ఉన్నట్టే. తెర వెలగడం ఆగిపోయినా ఇంకా పది శాతం దాకా దిగుతుంటే అప్పుడు బ్యాటరీ ధర అడగండి.